ఆరొందల గజాల లోపు ఎండ

వనపర్తిలో ఫ్రిజ్ కొనడానికి వెళ్లినవాళ్లు తలుపు తీయకముందే దాని మీది స్టార్లు లెక్కపెడతారు. లక్షలు పోసి కట్టే ఇంటికీ అలాంటి స్టార్లు ఉంటాయంటే మాత్రం మేస్త్రీ నవ్వుతాడు. ఉన్నాయి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ల నిర్మాణానికి ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి తెచ్చింది, ఆ వెంటే ఇళ్లకు స్టార్ లేబుల్ పెట్టింది. ప్రచారం లేదని అందరూ అనేదే. నా పేచీ వేరు. 2018 నాటి ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపై స్థలాల్లో కట్టే ఇళ్లకే. 2023 నాటి తెలంగాణ కూల్ రూఫ్ విధానమూ ఇళ్లకు ఆరొందల గజాల దగ్గరే గీత గీసింది. ఆ లోపువాళ్లకు ఇష్టమైతేనే. గద్వాలలో నూటేభై గజాల్లో ఒక్క స్లాబు వేసుకున్నవాడి సంగతేంటి? అపార్ట్‌మెంట్లో కప్పు ఎండ పైఅంతస్తువాళ్లకే. ఇక్కడ ప్రతి ఇల్లూ పైఅంతస్తే. ఆ సంహిత కప్పుకు యూ-విలువ, అంటే వేడిని లోపలికి వదిలే కొలత, 1.2 దాటొద్దంది, ఉత్త స్లాబుది మూడు పైమాటే. రాత్రి తొమ్మిదింటికి కూడా ఫ్యాను ఆ సెగనే కిందికి తోస్తుంది. దూలాలు, దంతెలు, పైన జానెడు మట్టితో ఉన్న పాత మిద్దెను కూలగొట్టి మరీ తెచ్చుకున్న సుఖం ఇది! నాగర్‌కర్నూల్‌లో ఇంటికి రేటింగ్ ఇవ్వడానికి ఎవరైనా వస్తే, కిటికీలు కొలవడం తర్వాత, ముందు డాబా ఎక్కాలి. రెండు పూతల తెల్ల సున్నానికైనా ఒక స్టార్ రాసివ్వాలి.