ఆర్బ్వా ద్రాక్షతోటలు: భౌగోళిక గుర్తింపుపై కొన్ని ఆలోచనలు

ఫ్రాన్సు తూర్పు భాగంలో, జూరా కొండల పాదాన ఆర్బ్వా అనే చిన్న పట్టణం ఉన్నది. జనాభా 3,000కు కొంచెం ఎక్కువ. క్వీజాన్స్ అనే చిన్న నది ఊరి మధ్యగా ప్రవహిస్తుంది. చుట్టూ సున్నపురాయి, సున్నపు బంకమట్టి కలిసిన వాలులపై ద్రాక్షతోటలు కనిపిస్తాయి. ప్రతి సంవత్సరం సెప్టెంబరు మొదటి ఆదివారం నాడు తోటల నుండి తెచ్చిన గుత్తులన్నింటినీ కలిపి ఒకే మహాగుత్తిగా కట్టి, భుజాలపై మోసుకొని వెళ్ళి చర్చిలో వేలాడదీస్తారు. ఆ ఊరికి వెళ్ళిన పర్యాటకునికి ఇది కన్నుల పండుగ. అక్కడికి వెళ్ళిన వ్యవసాయ శాస్త్రవేత్త గమనించవలసినది మరొకటి ఉన్నది. ఒక పంటకు వచ్చిన పేరును ఒక ప్రాంతం తరతరాలుగా ఏ విధంగా నిలబెట్టుకొన్నది అన్నదే ఆ విషయం. భౌగోళిక గుర్తింపు పత్రం చేతికి రాగానే పని ముగిసినట్లు భావించే ధోరణి మనలో ఉన్నందున, ఈ ప్రశ్న మనకు అవసరమైనది.

ఆర్బ్వా పేరు విజ్ఞానశాస్త్ర చరిత్రలో లూయీ పాశ్చర్‌తో ముడిపడి ఉన్నది. ఆయన బాల్యం గడిచినది ఈ ఊరిలోనే. ఫ్రెంచి వైన్లు నిలువలో చెడిపోవడానికి కారణం కనుగొనవలసిందిగా 1863లో ప్రభుత్వం కోరగా, ఆయన 1864లో ఆర్బ్వాలోనే తాత్కాలిక ప్రయోగశాల ఏర్పాటు చేసి, స్థానిక రైతుల నేలమాళిగలలోని వైన్లను సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. వైన్‌ను పరిమితంగా వేడిచేసి సూక్ష్మజీవులను అదుపు చేయవచ్చునన్న నిర్ణయానికి ఈ పరిశోధనే దారితీసింది. తరువాత ఆయన ఆర్బ్వా సమీపంలో ఒక ద్రాక్షతోట కొన్నాడు. 1878 వేసవిలో కొన్ని తీగలపై గాజు గృహాలు కట్టించి, గుత్తులకు దూది చుట్టించాడు. ఆ గుత్తుల రసం పులియలేదు. బయటి గుత్తుల రసం పులిసింది. పులియజేసే ఈస్టు వెలుపలి నుండి పండు తొక్కపైకి చేరుతుందని ఆ విధంగా రుజువైనది. పరీక్షించే చర్య, దాని పక్కనే పోల్చి చూచేందుకు సాధారణ స్థితిలోని తీగలు, రెండూ ఒకే తోటలో! క్షేత్ర ప్రయోగానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ విద్యార్థులకు దొరకడం కష్టం.

అయితే విజ్ఞానం ఒక్కటే ఈ ప్రాంతాన్ని కాపాడలేదు. 19వ శతాబ్దంలో జూరా జిల్లాలో సుమారు 20,000 హెక్టార్ల ద్రాక్షతోటలు ఉండేవి. ఆ శతాబ్దం చివరి దశాబ్దాలలో అమెరికా నుండి వచ్చిన ఫైలోక్సెరా అనే వేరు పురుగు వాటిని నాశనం చేసింది. పురుగును తట్టుకొనే అమెరికా జాతుల వేరుమూలాలపై అంటుకట్టడం ద్వారా తోటలు తిరిగి లేచాయి గాని పూర్వపు విస్తీర్ణం తిరిగి రాలేదు. నేడు ఉన్నవి సుమారు 2,000 హెక్టార్లు మాత్రమే. మిగిలిన రైతులు 1906లో ఆర్బ్వాలో సహకార సంఘం స్థాపించుకొన్నారు. జున్ను తయారీకి గ్రామస్థులు పాలు ఒకచోట చేర్చుకొనే సంఘాలకు ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న పేరునే దానికీ పెట్టుకొన్నారు. 1935లో ఫ్రాన్సు మూలస్థాన నామాలకు చట్టం చేయగా, 1936 మే 15న గుర్తింపు పొందిన మొదటి విడత పేర్లలో ఆర్బ్వా ఒకటి.

ఈ ప్రాంతపు ప్రత్యేకత పసుపు వైన్. దీనిని సవాన్యాన్ అనే ఒకే రకం ద్రాక్షతో చేయాలి. పీపాలో ఆవిరైపోయిన మేరకు తిరిగి నింపకూడదు. ఉపరితలంపై ఈస్టు పొర ఏర్పడి వైన్‌ను నెమ్మదిగా మారుస్తుంది. పంట కోసిన తరువాత ఆరవ సంవత్సరం డిసెంబరు 15 వరకు పీపా నుండి తీయరాదు. సీసా పరిమాణం కూడా 62 సెంటీలీటర్లే. ఒక లీటరులో అన్ని సంవత్సరాల తరువాత మిగిలేది అంతేనని అక్కడి వారి లెక్క. ఈ వ్యవధిలో కొన్ని పీపాలు పులిసి వెనిగర్ అయ్యే ప్రమాదం ఉన్నందున నమూనాలు తీసి పరీక్షిస్తూ ఉండాలి. పాశ్చర్ నాటి సమస్య నేటికీ అక్కడ నిత్యకృత్యమే.

ఆర్బ్వాకు దక్షిణాన ఉన్న షాతో షాలోన్ గ్రామం పసుపు వైన్‌కు మరింత ప్రసిద్ధి. అక్కడ కోతకు ముందే ఒక సంఘం తోటలు తిరిగి దిగుబడిని, పక్వతను పరిశీలిస్తుంది. 1974, 1980, 1984, 2001 సంవత్సరాలలో పంట తగిన స్థాయిలో లేదని ఆ గ్రామం పేరుతో వైన్ చేయనే లేదు. ప్రభుత్వం నిషేధించినందువలన కాదు, రైతులే వద్దనుకొన్నారు. నా దృష్టిలో ఆ ప్రాంతం నుండి మనం గ్రహించవలసిన ముఖ్య విషయం ఇదే. ఒక పేరుకు విలువ వచ్చేది దానిని వాడుకొనే హక్కు వలన మాత్రమే కాదు, అవసరమైనపుడు వాడుకోకుండా ఉండగల సంకల్పం వలన.

మన దేశంలో భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చి 2003లో అమలైనది. బనగానపల్లె మామిడికి 2017లో, తాండూరు కందికి 2022లో గుర్తింపు లభించింది. మొదటిది ప్రభుత్వ ఉద్యాన శాఖ పేరిట, రెండవది ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పేరిట నమోదైనవి. తాండూరు నల్లరేగడి నేలలకు, వాటి కింది సున్నపురాయికి కంది నాణ్యతతో ఉన్న సంబంధం ఆర్బ్వా వాలులను గుర్తుకు తెస్తుంది. నేలలో లోపం లేదు. చట్టంలోనూ తనిఖీ వ్యవస్థకు చోటు ఉన్నది. కాని పక్వానికి రాకముందే కోసిన మామిడిని బనగానపల్లె పేరుతో అమ్మరాదని, వేరే ప్రాంతపు కందిని తాండూరు సంచిలో నింపరాదని చెప్పి ఆపగల శక్తి గ్రామస్థాయిలో ఎవరికి ఉన్నది? ఈ ప్రశ్నకు సమాధానం లేనంత వరకు గుర్తింపు పత్రం గోడకు వేలాడే చట్రం మాత్రమే.

ఒక ఏడాది పేరును వదులుకొనే స్తోమత మన చిన్న రైతుకు ఎక్కడిదన్న అభ్యంతరం న్యాయమైనదే. దీనికీ జూరాలో ఒక మార్గం ఉన్నది. షాతో షాలోన్ పేరుకు తగని వైన్‌ను పారబోయరు. మరింత విశాలమైన ‘జూరా వాలులు’ అనే పేరు కింద తక్కువ ధరకు అమ్ముకొంటారు. పేర్లు మెట్లుగా ఉన్నందున పై మెట్టు నుండి దిగిన రైతు నేలపై పడిపోడు. మనం ఒక పంటకు ఒకే పేరు నమోదు చేసి ఊరుకొంటున్నాము. నాణ్యతను బట్టి రెండు మూడు శ్రేణులు, ప్రతి శ్రేణికి ఒక కొనుగోలుదారు ఉండే ఏర్పాటు లేకుండా రైతును నియమానికి కట్టుబడమనడం అన్యాయం.

ఇందులో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత స్పష్టమైనది. తిరస్కరించే నిర్ణయం రైతుసంఘానిదే కావాలి. దానికి కావలసిన కొలమానం మనం ఇవ్వాలి. మామిడిలో కోత సమయానికి ఉండవలసిన పొడిపదార్థం ఎంత, కందిలో గింజ పరిమాణం, మాంసకృత్తుల శాతం, ఉడికే సమయం ఏ హద్దులలో ఉండాలి, ఈ హద్దులు మండలానికీ సంవత్సరానికీ ఎంత మారుతాయి అన్నవి కొలిచి, రైతులు స్వయంగా పరీక్షించుకొనగల పద్ధతిగా అందించాలి. స్నాతకోత్తర విద్యార్థులు దిగుబడి పోలికలతో పాటు ఇటువంటి అంశాలను పరిశోధనకు ఎంచుకొంటే, వారి సిద్ధాంత గ్రంథం గ్రంథాలయంలో కాక రైతుసంఘం సమావేశంలో చర్చకు వస్తుంది. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన పరిధిలోని గుర్తింపు పొందిన ఒక పంటను తీసుకొని, కోతకు ముందు రైతులతో కలిసి పొలాల పరిశీలన జరిపే పనిని వచ్చే పంటకాలం నుండే ఆరంభించవచ్చు. దానికి కొత్త చట్టం గాని, పెద్ద నిధులు గాని అవసరం లేదు.