ఐదున్నర కిలోమీటర్ల నిరీక్షణ

సూర్యాపేట, కోదాడల నుంచి బస్సులో హైదరాబాదు చేరే ప్రయాణికుడు ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్ దాకా సునాయాసంగా వెళ్లగలడు. పెండ్లి సామానుకు లాడ్‌బజారుకో, బంధువుల పరామర్శకు శాలిబండకో వెళ్లవలసినవాడు మాత్రం ఎంజీబీఎస్ వద్ద దిగి ఆటోతో బేరమాడక తప్పదు. మిర్యాలగూడ నుంచి రైలులో సికింద్రాబాదు వచ్చేవారి గతీ అంతే. మూసీ ఒడ్డున మెట్రో ఆగిపోతుంది.

పాతబస్తీ మెట్రో కొత్త కోరిక కాదు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు అన్నది తొలి దశ ప్రణాళికలోని మార్గమే. నగరంలో 2017 నవంబరులో మెట్రో మొదలయింది. 2020 ఫిబ్రవరి 7న ఈ మార్గంలో ఎంజీబీఎస్ వరకు 11 కిలోమీటర్లు ప్రారంభమయ్యాయి. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు మిగిలే ఉన్నాయి. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. శిలాఫలకాలు ప్రయాణికులను మోయవు.

జాప్యానికి చెప్పే కారణాలన్నీ సాకులని మేము అనము. దారుల్‌షిఫా, శాలిబండ వంటి ఇరుకు వీధుల్లో రోడ్డు విస్తరణ కష్టం. మసీదులు, ఆషూర్‌ఖానాలు, దేవాలయాలు దారి పొడవునా ఉన్నాయి. మార్గం మార్చాలన్న వాదన మన పెద్దల నుంచీ వచ్చింది. అయితే చిక్కులు అమీర్‌పేటలోనూ, సుల్తాన్‌బజారులోనూ ఎదురయ్యాయి. అక్కడ పరిష్కారం దొరికింది, ఇక్కడ ఏళ్లు దొర్లాయి. పేదలు, మైనారిటీలు అధికంగా ఉన్న ప్రాంతపు వంతు ఎప్పుడూ చివరికే ఎందుకు వస్తుందన్నది మా ప్రశ్న.

త్వరపడాలంటే అన్యాయం చేయాలని కాదు. ఇల్లు, దుకాణం కోల్పోయే యజమానితోపాటు ఆ దుకాణంలో అద్దెకుండి పొట్టపోసుకునేవాడినీ లెక్కించాలి. భూసేకరణ ప్రాంతంలో మూడేళ్లుగా జీవనం సాగించి ఉపాధి కోల్పోయే అద్దెదారుని బాధిత కుటుంబంగా 2013 భూసేకరణ చట్టం గుర్తిస్తున్నది. వక్ఫ్ ఆస్తుల హద్దులను వక్ఫ్ బోర్డు సమక్షంలో కొలిచి ప్రజల ముందుంచాలి. పనుల పూర్తికి గడువు ప్రకటించి, పురోగతిని నెలనెలా తెలియజేయాలి.

ఆ వీధుల్లో మన జిల్లాల వారి బంధువులు ఎందరో ఉన్నారు. అద్దె రసీదులు, వ్యాపార లైసెన్సులు, కరెంటు బిల్లులు భద్రపరచుకొమ్మని వారికి నేడే చెప్పండి. మన మూడు పట్టణాల నుంచి శాసనసభ్యులకు వినతిపత్రాలు అందజేయండి. అడగనివారి హక్కు ఫైళ్లలోనే నిద్రపోతుంది.