ఇంటర్వ్యూ మార్కులకు లెక్కేది?

నల్లగొండ పిలగాడైనా, పాలమూరు పిల్లయినా ఇంటర్వ్యూల తప్పితే చెప్పే కారణం ఒక్కటే: 'కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు.' రాత పరీక్షల వేలమందిని దాటి వచ్చినోళ్లకు పావుగంటల నోరు పడిపోయిందట! ఎవరిని నమ్మిస్తరు?

మేమూ డిగ్రీ పట్టాలు పట్టుకొని ఆ కుర్చీల్ల కూసున్నోళ్లమే. సబ్జెక్టు అడిగింది తక్కువ. ఏ ఊరని అడిగిండ్రు, చెప్పంగనే మొకాలు చూసుకొని నవ్విండ్రు. 'వొచ్చిన' అంటే 'వచ్చాను' అనాలని దిద్దిండ్రు. మాతోని వచ్చిన దోస్తులు ఎందరో ఆ దెబ్బకు పుస్తకాలు మూసిండ్రు. తెలివి లేక కాదు, మనసు విరిగి.

ఆ నవ్వు కన్నా పెద్ద మోసం ఇంకోటున్నది. రాత పరీక్షకు కాయితం మిగుల్తది. దిద్దిన జవాబుపత్రం చూసుకునే హక్కు అభ్యర్థికి సమాచార హక్కు చట్టం కింద ఉన్నదని సుప్రీంకోర్టు 2011ల చెప్పింది. ఇంటర్వ్యూకు ఏం మిగుల్తది? తలుపులు మూసి వేసిన ఒక అంకె. ఎందుకు అంత వేసిండ్రో ఎక్కడ రాసి ఉంటది? ఆ అంకెతోనే ర్యాంకులు తారుమారైతయి. ఈ అనుమానం మన ఒక్కరిదే కాదు. 1985ల అశోక్ కుమార్ యాదవ్ కేసుల సుప్రీంకోర్టే జనరల్ అభ్యర్థులకు ఇంటర్వ్యూ మార్కులు మొత్తంల 12.2 శాతం దాటొద్దన్నది.

అదే ఏడు డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. మన రెండు జిల్లాలున్న ఆరో జోన్ల, ఐదో జోన్ల రాష్ట్రపతి ఉత్తర్వుకు విరుద్ధంగ చేరినోళ్లను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలన్నది. అమలు చెయ్యలే. అయినా చేతిల కాయితమున్నది కాబట్టి ఏండ్ల తరబడి నిలదీసినం. ఇంటర్వ్యూ బోర్డును ఏ కాయితం పట్టుకొని నిలదియ్యాలె?

ఎక్కిరింపుకు జవాబెట్లనో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఎప్పుడో చూపిండు. తెలంగాణల కవులే లేరన్న మాటకు 1934ల 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసి 354 మందిని ముందట నిలబెట్టిండు. ఏడ్వలే, బతిమాలలే. లెక్క చూపిండు.

మనమూ అదే చెయ్యాలె. బయటికి రాంగనే అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు, ఎన్ని నిమిషాలు కూసోబెట్టిండ్రో రాసిపెట్టుండ్రి. దోస్తులు రాసినవాటితో కలిపి చూడుండ్రి. సర్కారు కొలువైతే మార్కుల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుండ్రి. ప్రైవేటు కంపెనీకి ఆ చట్టం వర్తించదు, కారణం రాసియ్యమని అడుగుండ్రి. ఒక్కడి బాధ పదిమంది లెక్కయితే దాన్ని ఎవరూ కొట్టిపారెయ్యలేరు.

2014ల రాష్ట్రం వచ్చింది. 2022ల గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలు ఎత్తేసిండ్రు. మంచిదే. కానీ మాదాపూర్ కంపెనీల్ల హెచ్ఆర్ రౌండ్లు ఇంకా నడుస్తనే ఉన్నయి. 2007ల నల్లగొండల మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008ల పాలమూరు యూనివర్సిటీ వచ్చినయి. అక్కడ చదివినోళ్లు ఈ గదుల్ల కూసుంటున్నరు. ఆ కుర్చీకి అవతల కూసున్నది మనోడైనా సరే, లెక్క చెప్పని మార్కు అన్యాయమే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వాళ్లు వేసిన అంకె మీ విలువ కాదు. పుస్తకాలు మళ్లీ తెరువుండ్రి. యాస దాచుకోకుండ్రి. లెక్క అడుగుండ్రి.