ఇంటికింత అని రాయించింది కైసరు



డిసెంబరు వచ్చిందంటే మన పల్లె సంఘాలలో రెండు వస్తువులు బయటికి వస్తాయి. ఒకటి అటక మీద దాచిన నక్షత్రం. రెండోది చందా పుస్తకం. నక్షత్రంతో మాకు ఏ తగాదా లేదు. పుస్తకంతోనే ఉంది.

ఆ పుస్తకం ఎలా నడుస్తుందో మీకు తెలియంది కాదు. నవంబరు ఆఖరున ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు, యూత్ కుర్రాళ్ళు చాప మీద కూర్చుంటారు. లైటింగుకు ఇంత, సౌండు బాక్సులకు ఇంత, ఫ్లెక్సీలకు ఇంత, ప్రేమవిందుకు ఇంత అని లెక్క వేస్తారు. వచ్చిన మొత్తాన్ని గడపల సంఖ్యతో భాగిస్తారు. ఇంటికి వెయ్యి అని తేలుతుంది. టీచరు ఉద్యోగం ఉన్న ఇంటికీ అదే వెయ్యి, కొడుకు గల్ఫులో ఉన్న ఇంటికీ అదే వెయ్యి, మగదిక్కు లేక పత్తి తీతకు వెళ్ళే ఇంటికీ అదే వెయ్యి. ఇచ్చినవారి పేరు పక్కన టిక్కు పడుతుంది. ఇవ్వనివారి పేరు పక్కన ఖాళీ. పండుగ రాత్రి మైకులో జాబితా చదువుతారు. ఎక్కువ ఇచ్చినవారి పేరు రెండుసార్లు చదువుతారు, చప్పట్లు కొట్టిస్తారు. ఇదంతా చేసి దీనికి "దేవుడిచ్చిన దానిలో దేవునికి తిరిగి ఇవ్వడం" అని పేరు పెడతారు.

ఆ పేరు దీనికి తగదని మేము చెబుతున్నాం. ఈ డిసెంబరు మన మందిరంలో కూడా పుస్తకం తెరుద్దామని కొందరు అడిగారు. మేము వద్దన్నాం. ఎందుకు వద్దన్నామో వాక్యంలోంచి చెప్పాలి గనుక ఈ వ్యాసం.

లూకా సువార్త రెండో అధ్యాయం తెరవండి. క్రిస్మస్ కథ ఎక్కడ మొదలవుతుంది? దూతల దగ్గర కాదు, గొఱ్ఱెల కాపరుల దగ్గర కాదు. ఒక పుస్తకం దగ్గర మొదలవుతుంది. కైసరు ఔగుస్తు ప్రజలందరి లెక్క రాయమని ఆజ్ఞ ఇచ్చాడు. కురేనియు సిరియాకు అధిపతిగా ఉన్న కాలం. ఎవడి ఊరికి వాడు వెళ్ళి పేరు రాయించుకోవాలి. నిండు గర్భిణి అయినా సరే, నజరేతు నుండి బేత్లెహేముకు నడవాల్సిందే. ఆ పుస్తకానికి జాలి లేదు. యోసేపు ఇంట్లో కష్టమేమిటని అది అడగదు, పేరు రాసుకుంటుంది అంతే. ఇంటికింత అన్న లెక్క క్రిస్మస్ కథలో ఉంటే ఉన్నది ఇక్కడే. అది రాయించినవాడు కైసరు.

దేవుని మందిరంలో లెక్క ఎలా ఉండేదో అదే అధ్యాయంలో కొంచెం కిందికి వెళ్తే కనిపిస్తుంది, 24వ వచనంలో. శుద్ధి దినాలు ముగిశాక మరియ, యోసేపు బాలుణ్ణి యెరూషలేముకు తీసుకువెళ్ళారు. బలిగా గువ్వల జతో, రెండు పావురపు పిల్లలో అర్పించాలని లూకా రాస్తాడు. మనం ఈ వచనాన్ని గబగబా చదివి సుమెయోను దగ్గరికి వెళ్ళిపోతాం. ఆగి లేవీయకాండము 12వ అధ్యాయం తీయండి. బాలింత అర్పించవలసింది ఏడాది గొఱ్ఱెపిల్లను దహనబలిగా, ఒక పావురాన్నో గువ్వనో పాపపరిహారార్థ బలిగా. అయితే ఆఖరి వచనంలో ఒక మాట ఉంది. గొఱ్ఱెపిల్లను తెచ్చే స్తోమత లేకపోతే రెండు గువ్వలు చాలు. మరియ తెచ్చింది ఆ పేదల వంతు. లోకరక్షకుణ్ణి చేతుల్లో మోసుకొచ్చిన తల్లి గొఱ్ఱెపిల్లను కొనలేకపోయింది. యాజకుడు ఆమెను వెనక్కి పంపలేదు, ఆమె పేరు పక్కన ఖాళీ వదలలేదు.

ధర్మశాస్త్రం ఇంకా కిందికి దిగుతుంది. లేవీయకాండము 5వ అధ్యాయంలో పాపపరిహారార్థ బలి గురించి చెబుతూ, రెండు గువ్వలు కూడా దొరకని వానికి కొద్దిపాటి గోధుమపిండి చాలునంటుంది. దాని మీద నూనె గాని సాంబ్రాణి గాని వేయకూడదు. ఇనుములాంటిది అని మనం చెప్పుకునే ధర్మశాస్త్రంలో గొఱ్ఱెపిల్ల, గువ్వ, పిండి అని మెట్లున్నాయి. కృపకాలంలో ఉన్నామని పాడుకునే మన చందా పుస్తకంలో ఒకటే మెట్టు. మోషే కంటే మన కమిటీ కఠినంగా ఉంది!

వాక్యం చదివిన పెద్దలు ఒకరు మమ్మల్ని అడిగారు: "అయ్యగారూ, నిర్గమకాండము 30లో తలకు అరతులం అని లేదా? బీదవాడు తక్కువ ఇయ్యకూడదని లేదా?" ఉంది. మంచి ప్రశ్నే. కానీ ఆ వచనాన్ని సగం విరిచి తెస్తే ఎలా? బీదవాడు తక్కువ ఇయ్యకూడదన్న అదే వచనం ధనవంతుడు ఎక్కువ ఇయ్యకూడదంటుంది. అది ప్రాణానికి విమోచన క్రయధనం. దేవుని యెదుట ఒక ప్రాణం కంటే మరొక ప్రాణం ఖరీదైనది కాదని చూపే అరతులం. ఆ వచనం కావాలంటే మొత్తం తీసుకుందాం. పదివేలు ఇచ్చినవారికి తొమ్మిది వేలు తిరిగి ఇచ్చేసి, మైకులో ఎవరి పేరూ చదవకుండా ఉందాం. పెద్దలు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వులోనే జవాబుంది.

పేర్ల సంగతి వచ్చింది గనుక జ్ఞానుల దగ్గరికి వెళ్దాం. మత్తయి 2వ అధ్యాయంలో బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకల పేర్లు వరుసగా ఉన్నాయి. ఇచ్చినవారి పేర్లు లేవు. ఎంతమంది వచ్చారన్నది కూడా లేదు. ముగ్గురని మనం అనుకునేది కానుకలు మూడు గనుక. ఆ తర్వాత వందల ఏళ్ళకు సంప్రదాయం వారికి పేర్లు పెట్టింది, సువార్త మాత్రం పెట్టలేదు. లెక్క రాయించిన కైసరు పేరు, అధిపతి పేరు లూకా రాశాడు. కానుక ఇచ్చినవారి పేరు మత్తయి రాయలేదు. వారు సాగిలపడి, పెట్టెలు విప్పి, ఇచ్చి, వేరే దారిన తమ దేశానికి వెళ్ళిపోయారు. మరియ ఇంటి గోడకు ఏ ఫ్లెక్సీ కట్టలేదు.

ఇదంతా వాక్య చర్చ మాత్రమే అయితే మేము ఇంత గట్టిగా రాసేవాళ్ళం కాదు. సెమీ క్రిస్మస్ కూడికలకు వాక్యం చెప్పడానికి మేము చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్తుంటాం. ఏడాదంతా ముందు వరుసలో కూర్చునే కొన్ని ముఖాలు సరిగ్గా డిసెంబరులో కనబడవు. ఒక ఊళ్ళో అలాంటి ఒక అమ్మ ఇంటికి ప్రార్థనకు వెళ్ళాం. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. వరి కోతలకు మిషను దిగాక ఆమెకు చేతి పని సగానికి సగం తగ్గింది. మీద డ్వాక్రా వాయిదా. ఆరాధనకు ఎందుకు రావట్లేదమ్మా అంటే ముందు ఒంట్లో బాగాలేదంది. ప్రార్థన అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని అసలు మాట చెప్పింది: "పుస్తకంలో మా గీత ఖాళీగా ఉంది గదా అయ్యగారూ, ఏ ముఖంతో వచ్చేది? పండక్కి పిల్లల్ని తీసుకుని మా అమ్మగారి ఊరు పోతాం."

రక్షకుడు పుట్టాడన్న వార్త మొదట విన్నది రాత్రిపూట పొలంలో మందను కాచుకునే కూలివాళ్ళు. ఆ వార్త వినే పండుగ రోజున ఒక కూలి తల్లి మందిరం తప్పించుకుని ఊరు వదిలి వెళ్తోంది. కొందరైతే వెళ్ళరు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి గీత నింపుతారు. ఆ వడ్డీ సంక్రాంతి దాటి, ఉగాది దాటి నడుస్తుంది. ఇది దేవునికి ఇచ్చినట్టా? ఆ డబ్బుతో వెలిగే సీరియలు బల్బులు ఎవరికి మహిమ?

"రేటు పెట్టకపోతే ఎవరిస్తారండీ? పేదవాళ్ళను ఊరికే వదిలేస్తే అలవాటు తప్పిపోతుంది" అని ఒక వాదం ఉంది. ఈ వాదంలో సగం మాకు సమ్మతమే. పేదవాడు ఇవ్వనక్కరలేదని మేము అనడం లేదు. అలా అంటే అది కూడా అతన్ని తక్కువ చేయడమే. మాసిదోనియ సంఘాలు నిరుపేదతనంలో ఉండి కూడా, ఇచ్చే భాగ్యం మాకూ కావాలని బతిమాలుకున్నాయని పౌలు 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో రాశాడు. అదే అధ్యాయం 12వ వచనంలో, లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే కానుక అంగీకారమని కూడా రాశాడు. ఆ రెండూ కలిసే ఉండాలి.

మన తెలుగు నేల మీదే దీనికి సాక్ష్యం ఉంది. 1912 డిసెంబరు 29న, క్రిస్మస్ అయిన నాలుగో రోజున, కలకత్తాలో వి.ఎస్. అజరయ్య గారు బిషప్పుగా అభిషేకం పొందారు. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. దోర్నకల్ ఆయన కేంద్రం. ఆయన సంఘస్థులలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు, పూట గడవని వారు. వారిని జాలిపడి వదిలేయలేదు ఆయన. ఇవ్వడం నేర్పారు. క్రైస్తవ దాతృత్వం మీద ఒక పుస్తకమే రాశారు. చేతిలో రూపాయి లేనివారు ధాన్యమో కోడో గుడ్డో, తమ దగ్గర ఉన్నదే తెచ్చే సంఘాలు అవి. దోర్నకల్లులో ఆయన కట్టించిన పెద్ద దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దాని పేరు ఎపిఫనీ, అంటే జ్ఞానులు శిశువు యెదుట పెట్టెలు విప్పిన పండుగ.

మన అమ్మలు, నాయనమ్మలు అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు, ఆదివారం మందిరానికి తెచ్చేవారు. మిజోరం సంఘాలలో ఈ పిడికెడు బియ్యం నూరేళ్ళకు పైగా నడుస్తోంది, అక్కడి సువార్త పనికి పెద్ద ఆధారం అదే. ఇక్కడ కొలత ఎవరి చేతిలో ఉందో చూడండి. ఆమె పిడికిలే ఆమె కొలత. ఏ కమిటీ దాన్ని విప్పి చూడదు.

టీవీలోనూ ఫోనులోనూ వచ్చే మరో బోధ గురించి రెండు ముక్కలు. క్రిస్మస్‌కు "విత్తనం" పంపితే కొత్త సంవత్సరంలో నూరంతలు వస్తుందట. అకౌంటు నంబరు కింద వస్తూ ఉంటుంది. అది తిరిగి ఇవ్వడం కాదు, చీటీ పాట. జ్ఞానులకు ఏ నూరంతలూ వాగ్దానం చేయబడలేదు. అలాంటివారికి పంపకండి.

ఇక, మలాకీ 3:10 మన గోడల మీద రాసి ఉంటుంది, దశమభాగం గురించి. అదే అధ్యాయం 5వ వచనం ఏ గోడ మీదా కనబడదు. కూలివాని కూలి ఎగ్గొట్టేవారి మీద, విధవరాలిని బాధించేవారి మీద తానే సాక్షిగా నిలుస్తానని దేవుడు అక్కడ అంటున్నాడు. మన సంఘంలో కౌలు చేసే రైతులున్నారు, ముఠా మేస్త్రీలున్నారు. పత్తి తీసిన ఆడవాళ్ళకు ఇవ్వాల్సిన కూలి జేబులో పెట్టుకుని మందిరానికి ట్యూబులైట్లు చేయించేవారికి ఒక మాట: ముందు ఆ కూలి ఇవ్వండి. ట్యూబులైట్లు లేకపోయినా మేము వాక్యం చెప్పగలం.

పౌలు కానుకల డబ్బు ఒంటరిగా పట్టుకు వెళ్ళలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని తీతుతో పాటు ఇంకా సహోదరులను పంపాడు. అందుకని ఈ ఏడాది మన మందిరంలో ఇలా జరుగుతుంది. గుమ్మం పక్కన తాళం వేసిన పెట్టె ఉంటుంది. దాని పక్కన ఒక గంప, బియ్యం, పప్పులు, కూరగాయలు తెచ్చేవారి కోసం. కవరు మీద పేరు రాయవద్దు. రాస్తే చింపేసి డబ్బు మాత్రం వేస్తాం. తాళంచెవి ఒకటి స్త్రీల సమాజం దగ్గర, ఒకటి పెద్దల దగ్గర ఉంటుంది, మా దగ్గర ఉండదు. డిసెంబరు 21న నలుగురి ముందు విప్పి లెక్కపెడతారు. వచ్చినదాన్ని బట్టే పండుగ. ఎక్కువ వస్తే అందరికీ కోడికూర, తక్కువ వస్తే పప్పుచారు. అందులో మొదటి భాగం విందుకంటే ముందే తీసి, ఈ సీజనులో పని దొరకని ఇళ్ళకు చీకటి పడ్డాక స్త్రీల సమాజం వారు చేరుస్తారు. ఏ ఇళ్ళకన్నది వారికీ ప్రభువుకూ తెలిస్తే చాలు. ఖర్చుల కాగితం 28వ తేదీన తలుపుకు అంటిస్తాం, టెంటు బాడుగతో సహా. సౌండు బాక్సులు లేవని యూత్ వారికి కొంచెం కోపంగా ఉంది. డప్పులు మన ఊళ్ళోనే ఉన్నాయి, కొట్టేవారూ ఉన్నారు.