నెగెటివ్‌లు చేతికొచ్చాయా?

కాకినాడలో నాకున్న చిన్న స్టూడియోకి పాస్‌పోర్ట్ ఫోటోల కోసం వచ్చే జనం తగ్గారు గానీ, పాత కెమెరా పట్టుకుని సలహా కోసం వచ్చే ఇంజినీరింగ్ పిల్లలు పెరిగారు. తాతగారి బీరువాలో దొరికిందని ఒకరు, ఆన్‌లైన్లో కొన్నానని ఇంకొకరు. "అంకుల్, థర్టీఫైవ్ మంచిదా, వన్‌ట్వంటీ మంచిదా?" అన్నది అందరూ అడిగేదే. నేను తిరిగి అడిగేదీ ఒకటే. "తీసిన ఫోటో చివరికి ఎక్కడుండాలి బాబూ? ఫోన్లోనా, గోడ మీదా?" చాలామంది తెల్లమొహం వేస్తారు. అది తేల్చుకోకుండా కెమెరా కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

ఫోన్లో చూసుకుంటే చాలు అనేవాళ్లకి నేను 35 ఎంఎం కూడా పూర్తిగా వాడమని చెప్పను. హాఫ్ ఫ్రేమ్ కొనుక్కోమంటాను. 36 ఫోటోల రీలులో 72 వస్తాయి. 2024లో పెంటాక్స్ వాళ్లు '17' అనే హాఫ్ ఫ్రేమ్ కెమెరాని కొత్తగా తయారుచేసి మరీ అమ్మారు. మామూలుగా పట్టుకుంటే ఫోటో నిలువుగా వస్తుంది కనుక ఫోన్ తెరకి బాగా నప్పుతుంది. ఫోటోకి రీలు ఖర్చు సగమైపోతుంది. ఇందులో నామోషీ పడాల్సిందేమీ లేదు.

గోడ మీద ఉండాలంటే కథ వేరు. 35 ఎంఎం ఫ్రేము 24 మిల్లీమీటర్లు, 36 మిల్లీమీటర్లు. ఆస్కార్ బర్నాక్ సినిమా రీలుని అడ్డంగా నడిపించి ఈ కొలత తెచ్చాడు. అతను చేసిన కెమెరా లైకా పేరుతో 1925లో బజారుకొచ్చింది. 120 రీలు అంతకన్నా పాతది, 1901 నాటిది. దాని మీద చదరం ఫ్రేము 56 మిల్లీమీటర్లకి 56. వైశాల్యం లెక్కేస్తే మూడున్నర రెట్లకి పైనే. 12 అంగుళాల ఎత్తు ప్రింటు వేయాలంటే 35ని పన్నెండు రెట్లకి పైగా పెంచాలి, 120ని అయిదున్నర రెట్లు పెంచితే సరిపోతుంది. పెంచినకొద్దీ గింజలు కనపడతాయి, చెయ్యి వణికిన సంగతీ కనపడుతుంది. గోడకి తగిలించేవాళ్లు 120 కొనండి అనడానికి నాకీ లెక్క చాలు.

ఖర్చు మాటా దాచను. ఇవాళ ఒక రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటుతోంది. 120లో పన్నెండే ఫోటోలు. అంటే నొక్కినప్పుడల్లా వంద రూపాయల నోటు జారుతున్నట్టే. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ నడిచిన రోజుల్లో 'ఇందు' రీలు మన డబ్బుకి అందుబాటులో ఉండేది. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ త్రీలో వేసి మధ్యతరగతి ఇళ్లలో కూడా 120 తీసేవాళ్లు. ఆ ఊటీ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడంతా దిగుమతి సరుకే.

అయినా 120 మీద నా పక్షపాతం పోదు, ఎందుకంటే నేను పని నేర్చుకున్నది దాని మీదే. ఎనభైల్లో మా వైపు పెళ్లిళ్లలో స్టూడియోవాళ్ల మెడలో ఎక్కువగా వేలాడింది యాషికా మ్యాట్. పైన ఒక లెన్సు, కింద ఒక లెన్సు. పై దాంతో చూడటం, కింది దాంతో తీయడం. అందులో 124జి అనే రకం 1970లో వచ్చి 1986 దాకా తయారైంది. రీలుకి పన్నెండే కాబట్టి సుముహూర్తానికి ముందే రీలు మార్చేవాళ్లం. జీలకర్ర బెల్లం వేళకి కెమెరాలో ఇంకా మూడు మిగిలాయనుకోండి, ఆ మూడూ పెళ్లికూతురి మేనమామ మీదో, భజంత్రీల మీదో ఖర్చుపెట్టేసి కొత్త రీలు ఎక్కించేవాళ్లం. మన రీలు అయిపోయిందని పంతులుగారు మూడో ముడి ఆపరు కదా! ఆనాటి ఆల్బమ్‌లలో మేనమామలు, సన్నాయి వాళ్లు అన్నిసార్లు కనిపించడానికి అసలు కారణం ఇదే.

ఆ కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని, పైనుంచి గాజు తెర మీదకి తొంగిచూడాలి. పీటల మీద కూర్చున్న వధూవరుల ముఖాలకి లెన్సు అక్కడినుంచి దగ్గర. కంటి దగ్గర పెట్టుకునే కెమెరాతో నిలబడి తీస్తే ముందుగా వచ్చేవి బాసికాలు, తలలు. తెర మీద బొమ్మ కుడి ఎడమలు తిరగబడి కనిపిస్తుంది. కొత్తవాళ్లు మనిషిని మధ్యకి తేబోయి ఇంకా పక్కకి నెట్టేస్తారు. కొన్నాళ్లకి అలవాటవుతుంది.

ఫ్లాష్ విషయంలోనూ పాత స్టూడియోవాళ్ల తెలివి ఇక్కడే ఉంది. ఈ కెమెరాలో షట్టర్ లెన్సులోనే ఉంటుంది, కాబట్టి 1/500 సెకను దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ కలుస్తుంది. పెంటాక్స్ కె1000 లాంటి ఎస్‌ఎల్‌ఆర్‌లో షట్టర్‌గా గుడ్డ తెర ఉంటుంది. అందులో 1/60 దాటితే ఫోటోలో కొంత భాగం నల్లగా వస్తుంది. పగటి పెళ్లి, తాటాకు పందిరి, వెనకంతా మండే ఎండ. అక్కడ 1/60 పెడితే వెనకభాగం తెల్లగా మాడిపోతుంది. యాషికాలో 1/250 పెట్టి ముఖాల మీద ఫ్లాష్ వేస్తే రెండూ కుదురుతాయి.

35ని తీసిపారేస్తున్నానని అనుకోకండి. తిరునాళ్లలో, ఎడ్ల పందేల్లో, పరుగెత్తే పిల్లల వెనక యాషికాతో తిరగడం నా వల్ల కాలేదు, మీ వల్లా కాదు. అక్కడికి నికాన్ ఎఫ్‌ఎం2 లాంటిది, ఒక 50 ఎంఎం లెన్సు. 1982లో వచ్చిన కెమెరా, 1/4000 సెకను దాకా వెళ్తుంది, బ్యాటరీ అయిపోయినా మీటరు తప్ప అన్నీ పనిచేస్తాయి. 120లో మమియా ఆర్‌బి67 గురించి కూడా అడుగుతుంటారు. అద్భుతమైన కెమెరా. లెన్సుతో కలిపి రెండున్నర కిలోలకి తక్కువుండదు. స్టాండు మీద పెట్టుకునే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఇక సామాన్లు. కెమెరా కొన్న మర్నాడే జూమ్ లెన్సు, తోలు కేసు కొనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సముద్రపు తేమ ఉన్న ఊళ్లో తోలు కేసులో కెమెరా దాచడమంటే బూజుకి ఇల్లు కట్టిపెట్టడమే. గాలి చొరబడని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారి పొట్లాలు మార్చడం. ఇంతే కావాలి. పాత కెమెరా కొనేముందు వెనక మూత తెరిచి, లెన్సు వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి గీతలు కనపడితే ధర ఎంత తగ్గించినా వద్దు.

డబ్బు పెట్టాల్సింది లెన్సు హుడ్ మీద, కేబుల్ రిలీజ్ మీద, గట్టి స్టాండు మీద. నలుపు తెలుపు తీసేవాళ్లు వీటితోపాటు పసుపు ఫిల్టరు ఒకటి కొనండి. ఫిల్ముకి నీలిరంగు పట్ల మొగ్గు ఎక్కువ కాబట్టి ఫిల్టరు లేకపోతే గోదావరి మీద ఆకాశం ఉత్త తెల్ల కాగితంలా వస్తుంది. పసుపు వేస్తే మబ్బులు లేస్తాయి, వెలుతురు ఒక మెట్టు తగ్గుతుంది. అయితే యాషికా మ్యాట్‌కి ఎస్‌ఎల్‌ఆర్ ఫిల్టర్లు పట్టవు, బే-1 అనే కొలతవే కావాలి. అడిగి తీసుకోండి.

124జిలో ఉన్న మీటరుని నమ్మకండి. అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేసింది. ఆ బ్యాటరీలు ఆగిపోయాయి. 1.5 వోల్టులది వేస్తే లెక్క తప్పుతుంది. చేతి మీటరు లేకపోతే ఫోన్‌లో మీటరు యాప్ చాలు. అదీ లేనిచోట పాత సూత్రం ఉండనే ఉంది. నిండు ఎండలో ఎఫ్16, ఐఎస్ఓ 100 రీలుకి 1/125 సెకను. చెట్టు నీడలోకి జరిగితే మూడు మెట్లు తెరిచి ఎఫ్5.6. మన వైపు ఎండకి ఈ సూత్రంతో ఢోకా లేదు.

అమెరికాలో ఉన్న పిల్లల చేత రీళ్లు తెప్పించుకునే ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. వాళ్లకో మాట. రీళ్లు సూట్‌కేసులో పెట్టి లగేజీకి వేయొద్దు, అక్కడి ఎక్స్‌రే తీవ్రమైనది. చేతి సంచిలో పెట్టుకున్నా కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు ఫిల్ముని పాడుచేస్తాయి. చేత్తో తనిఖీ చేయమని అడగండి. అమెరికా విమానాశ్రయాల్లో అడిగితే చేస్తారు.

నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు. ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ రీలుకి ఐడీ-11 మందు సగానికి సగం నీళ్లతో కలిపి, 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. చిక్కంతా ఆ 20 డిగ్రీల దగ్గరే. మే నెలలో మా కుళాయిలో వచ్చేది 30 దాటిన నీళ్లు. మందు సీసాని ఐసు వేసిన బేసిన్‌లో నిలబెట్టి, థర్మామీటరు చూస్తూ కూర్చోవాలి. ఓపిక లేనివాళ్లు ల్యాబ్‌కి పంపుతారు. అసలు నేను చెప్పదలుచుకున్నది అక్కడ మొదలవుతుంది.

మా వీధి అమ్మాయి ఒకతె దాచుకున్న డబ్బులన్నీ పెట్టి రీళ్లు తీసి, బయటి ఊరి ల్యాబ్‌కి కొరియర్ చేసింది. ఫోన్‌కి లింకు వచ్చింది, ఫోటోలు వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. వాళ్ల నాయనమ్మ ఫోటో పెద్దది చేయించుదామని నా దగ్గరికొస్తే ఆ ఫైలు పోస్ట్‌కార్డు సైజు దాటితే చెదిరిపోతోంది. నెగెటివ్ తెమ్మన్నాను. ల్యాబ్‌వాళ్లని అడిగితే నెలరోజులు ఉంచి పారేశామన్నారట. రీళ్లు తీసే పిల్లల్లో చాలామందికి నెగెటివ్ అడిగి తీసుకోవాలనే తెలియదు. అది లేకపోతే ఇక మీ చేతిలో ఉన్నది ఫోన్ ఫోటోయే, కాకపోతే ఖరీదెక్కువ. అప్పుడు ఏ ఫార్మాట్ అయితే ఏంటి?

మన దగ్గరే చూడండి. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు రెండున్నర వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. అవి ఉన్నాయి కాబట్టే నాటి హైదరాబాదుని ఇవాళ కావలసినంత పెద్దగా ప్రింటు వేసి చూడగలుగుతున్నాం. షికాగోలో ఇళ్లలో ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ రోలిఫ్లెక్స్‌తో తీసిన వీధి ఫోటోలని ఆమె బతికుండగా దాదాపు ఎవరూ చూడలేదు. 2007లో వేలంలో అమ్ముడైన ఆమె పెట్టెల్లో నెగెటివ్‌లు ఉండబట్టి లోకానికి తెలిసింది.

కాబట్టి 35 తీస్తారో 120 తీస్తారో మీ ఇష్టం. ల్యాబ్‌కి పంపే కవరు మీద పెద్ద అక్షరాలతో "నెగెటివ్‌లు తిరిగి పంపగలరు" అని రాయండి, తిరుగు కొరియర్ ఖర్చు ముందే కట్టేయండి. వచ్చాక ప్లాస్టిక్ సంచిలో చుట్టి పడేయకుండా, నెగెటివ్ స్లీవ్‌లలో పెట్టి, తేదీ, ఊరు, ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు పెన్సిల్‌తో రాయండి.