ధర్మతలా బస్టాండు: తరలింపునకు ముందు ఆలోచన అవసరం

1957 ఏప్రిల్ 15న లండన్ నుంచి బయలుదేరిన ఒక బస్సు ఐరోపా, టర్కీ, ఇరాన్, పాకిస్తాన్‌ల మీదుగా ప్రయాణించి జూన్ 5న కలకత్తా చేరింది. గారో ఫిషర్ అనే బ్రిటిష్ వ్యాపారి నడిపిన ఆ 'ఇండియామాన్' బస్సులో ఒకవైపు ప్రయాణానికి 85 పౌన్లు వసూలు చేశారు. తరువాత 'ఆల్బర్ట్' అనే రెండంతస్తుల బస్సు కూడా ఇదే దారిన కొన్నేళ్లు తిరిగింది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సేనల ప్రవేశం ఆ మార్గాన్ని మూసివేశాయి. బస్సు ప్రయాణాన్ని ఒక వేడుకగా భావించేవారు ఈ కథను ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. అయితే లండన్ బస్సుకు గమ్యస్థానమైన ఆ మహానగరంలో జిల్లాల నుంచి వచ్చే సామాన్య ప్రయాణికుడు ఎక్కడ దిగాలన్న ప్రశ్నకు మాత్రం ఏళ్ల తరబడి సరైన సమాధానం దొరకలేదు.

ఎస్‌ప్లనేడ్‌ను బెంగాలీలు ధర్మతలా అంటారు. దిఘా, దుర్గాపూర్, ఆసన్‌సోల్, సిలిగురి వంటి పట్టణాలకు వెళ్లే బస్సులకు దశాబ్దాలుగా ఇదే ప్రధాన కూడలి. ఉత్తర బెంగాల్ రవాణా సంస్థ నడిపిన రాత్రి బస్సుకు 'రాకెట్' అన్న పేరు స్థిరపడిపోయింది. ఫరక్కా వద్ద గంగపై రోడ్డు, రైలు మార్గం ఏర్పడకముందు ఉత్తరాదికి పోయేవారు నదిని పడవలపై దాటవలసి వచ్చేది. వంతెన వచ్చాక రాత్రి ఎక్కి తెల్లవారేసరికి హిమాలయ పాదాలను చేరడం సాధ్యమైంది. రైలులో బెర్తు దొరకని విద్యార్థికి, వైద్యం కోసం నగరానికి వచ్చే రోగికి, పని వెదుక్కుంటూ వచ్చే కూలీకి ఈ బస్సే ఆధారం.

ఈ కూడలికి కొద్ది దూరంలోనే విక్టోరియా మెమోరియల్ ఉంది. 1921లో ప్రారంభమైన ఆ పాలరాతి కట్టడం పొగ వల్ల రంగు మారుతున్నదన్న ఫిర్యాదుపై కలకత్తా హైకోర్టు 2007లో బస్టాండును తరలించాలని ఆదేశించింది. సుప్రీంకోర్టు 2011లో ఆ ఉత్తర్వును సమర్థించింది. అయినా స్థలం, వ్యయం, మెట్రో పనులు, సైన్యం అధీనంలోని మైదానం వంటి చిక్కుల నడుమ వ్యవహారం ఏళ్ల తరబడి నానుతూనే వచ్చింది. హుగ్లీకి ఆవలి ఒడ్డున ఉన్న సాంత్రాగాచి వంటి ప్రదేశాలు ప్రత్యామ్నాయంగా చర్చకు వచ్చాయి.

పాలరాతిని కాపాడాలన్న వాదనను తోసిపుచ్చనవసరం లేదు. న్యాయస్థానాల ఆందోళన సహేతుకమైనదే. కానీ బస్టాండు చేసే పనులు రెండు. ప్రయాణికులను ఎక్కించుకోవడం, దించడం మొదటిది. ఖాళీ బస్సులను గంటల తరబడి నిలిపి ఉంచడం, కడగడం, మరమ్మతు చేయడం రెండవది. ఈ రెండవ పనికి నగరం నడిబొడ్డున చోటు అక్కరలేదు. దానిని శివార్లకు పంపితే పొగలో, రద్దీలో అధిక భాగం దానంతటదే తగ్గుతుంది. మొదటి పనిని కూడా శివార్లకు నెట్టివేస్తే నష్టపోయేది ప్రయాణికుడే. మూటాముల్లెతో దిగినవాడు మరో రెండు వాహనాలు మారవలసి వస్తే ఖర్చు అతనిది, పొగ నగరానిది.

పైగా ఎస్‌ప్లనేడ్ ప్రాధాన్యం ఇటీవల మరింత పెరిగింది. దేశంలో మొట్టమొదటి మెట్రో రైలు 1984 అక్టోబర్ 24న నడిచింది ఎస్‌ప్లనేడ్, భవానీపూర్‌ల మధ్యనే. హుగ్లీ నది అడుగున సాగే రెండవ మార్గం 2024లో ఇక్కడకు చేరింది. 2025 ఆగస్టులో సియాల్దాతో కూడా అనుసంధానం పూర్తయింది. హౌరా, సియాల్దా రైల్వే స్టేషన్లు రెండూ ఒకే మెట్రో మార్గంపై కలిసిన కూడలి నుంచి దూరప్రాంత బస్సును వెళ్లగొట్టడం ఏ ప్రణాళికకు నిదర్శనమో పాలకులే చెప్పాలి.

ఈ విషయంలో తెలుగువారి అనుభవం గమనార్హం. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను స్వయంగా చేపట్టింది. ఆ పునాదిపైనే 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఇమ్లీబన్‌లో వెలసిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నగరం మధ్యనే ఉంది. 2020లో రెండు మెట్రో మార్గాలు దాని చెంతనే కలిశాయి. లోపాలు లేవని కాదు. అయినా బస్సు దిగినవాడికి నిలబడటానికి నీడ, దారి చూపే బోర్డు, ముందుకు సాగడానికి మెట్రో లభిస్తున్నాయి.

ప్రభుత్వ బస్సు వెనుకబడినచోట ప్రైవేటు కోచ్ ముందుకు వస్తుంది. 2001లో వోల్వో భారతదేశంలో ప్రవేశించాక వెనుక ఇంజను, గాలి సస్పెన్షన్, కుదుపు లేని ప్రయాణం అందరికీ పరిచయమయ్యాయి. ఏ బస్సుకు ఏ బాడీ కట్టారు, ఏ సీటు నుంచి దారి బాగా కనిపిస్తుంది అని ఆరా తీసి మరీ ఎక్కే బస్సు ప్రియులు కోల్‌కతాలోనూ, హైదరాబాద్‌లోనూ తయారయ్యారు. ఆ అభిరుచిని తప్పుపట్టవలసిన పనిలేదు. అయితే మెత్తని సీటు భద్రతకు హామీ కాదు. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద జరిగిన బస్సు దగ్ధం 45 మందిని బలిగొన్నది. 2025 అక్టోబర్ 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద మరో రాత్రి బస్సు మంటల్లో చిక్కుకున్నప్పుడు దాదాపు 20 మంది మరణించారు. ప్రభుత్వ బస్సులకూ మినహాయింపు లేదు. 2018 జనవరి 29న ముర్షిదాబాద్ జిల్లా దౌలతాబాద్ వద్ద ఒక బస్సు వంతెన పైనుంచి నీటిలో పడి 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

చట్టంలో స్టేజి క్యారేజి వేరు, కాంట్రాక్టు క్యారేజి వేరు. దారిలో టికెట్టు ఇచ్చి ఎక్కించుకునే హక్కు మొదటిదానికే ఉంది. రెండవ తరహా పర్మిటుతో రోజూ విడివిడిగా టికెట్లు అమ్మే బస్సులు దేశమంతటా తిరుగుతున్నాయి. అటువంటి బస్సు రోడ్డు పక్కన, పెట్రోలు బంకు ముందు ప్రయాణికులను ఎక్కించుకుంటుంది. అక్కడ అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా, డ్రైవరు నిద్రపోయి ఎన్ని గంటలైంది అని అడిగే అధికారి ఉండడు. బస్టాండు ఉన్నచోట ఆ తనిఖీకి కనీసం అవకాశమైనా ఉంటుంది.

అందుచేత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ముందు ఉన్నది కేవలం స్థల సమస్య కాదు. బస్సుల నిలుపుదలను శివార్లకు మార్చి, ఎక్కి దిగే వసతిని మెట్రో చెంతనే ఉంచాలి. ప్రైవేటు కోచ్‌లను కూడా అదే ప్రాంగణంలోకి రప్పించి, బయలుదేరే ముందే తనిఖీ జరపాలి. కోల్‌కతాలో 2019 నుంచి తిరుగుతున్న విద్యుత్ బస్సులను దగ్గరి పట్టణాల మార్గాలకు విస్తరిస్తే పాలరాతికీ మేలు జరుగుతుంది. కోర్టు ఆదేశాన్ని అమలు చేశామని చెప్పుకోవడానికి బస్టాండును దూరం చేయడం సులభమే. ఆ దూరాన్ని ప్రతిరోజూ మోయవలసినవాడు ప్రయాణికుడన్న సంగతిని విస్మరించరాదు.