గోలీ మానాలి, కాని ఒక్కరోజులో కాదు

మన నిజామాబాద్ జిల్లా పల్లెల్లో నొప్పుల గోలీ తెలియని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. పొద్దంతా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే ఆడవారికి మెడనొప్పి, నడుంనొప్పి. పసుపు తవ్వి, ఉడకబెట్టి, బస్తాలెత్తే కూలీలకు ఒళ్లంతా నొప్పులు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి బరువులు మోసి తిరిగివచ్చిన వారికి వెన్నునొప్పి. ఈ నొప్పులు అబద్ధం కావు. రెక్కాడితే గాని డొక్కాడని వారు నొప్పి తగ్గి పనికి పోతే చాలనుకోవడంలో తప్పూ లేదు. అయితే నొప్పికి వాడే గోలీలన్నీ ఒకటి కావన్న సంగతి వారికి ఎవరూ చెప్పకపోవడం శోచనీయం.

పారాసిటమాల్, డైక్లోఫెనాక్ వంటివి ఒక జాతి. ట్రమడాల్, టపెంటడాల్, కోడీన్ వంటివి వేరే జాతి. ఇవి నల్లమందు లాగా మెదడు మీద పనిచేసి నొప్పి తెలియకుండా చేస్తాయి. ఆపరేషన్ అయినప్పుడో, ఎముక విరిగినప్పుడో కొద్దిరోజులు వాడితే మేలు చేసే మందులే. అదే వారాలు, నెలలు విడవకుండా వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడిపోతుంది. మొదట ఒక్క గోలీతో తగ్గిన నొప్పి తర్వాత రెండు వేసుకున్నా తగ్గదు. ఇది తిరుగుబోతుకు మాత్రమే పట్టే వ్యసనం కాదు. డాక్టరు రాసిన చీటీ ప్రకారం వాడినవారి ఒళ్లు కూడా ఇలాగే అలవాటు పడుతుంది. కనుక ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మత్తుమందుల చట్టం పరిధిలోకి తెచ్చింది. చీటీ లేకుండా అమ్మడం నేరం. ఈ కట్టుబాటు మంచిదే. దాన్ని సడలించమని ఎవరూ కోరడం లేదు. కాని తనిఖీలు జరిగి, మందుల దుకాణంలో గోలీ దొరకకుండా పోయిన మర్నాడు, రెండేళ్లుగా దానిమీదే నెట్టుకొస్తున్న మనిషి గతి ఏమిటన్న ప్రశ్న ఎవరికీ తట్టడం లేదు. దుకాణదారు అమ్మకం ఆపితే వ్యాపారం ఆగుతుంది గాని, ఒంటికి పట్టిన అలవాటు ఆగదు.

ఇటువంటి పరిస్థితి మన ప్రాంతానికి కొత్త కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి ఉన్నట్టుండి సరఫరా ఆగిపోయినప్పుడు, మన జిల్లాతో సహా తెలంగాణలో పలుచోట్ల జనం వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ దవాఖానాలకు చేరారు. ప్రాణాలు పోయినట్లు కూడా వార్తలు వచ్చాయి. కల్లులో కలిపిన అల్ప్రాజోలం వంటి మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోవడమే అందుకు కారణం. అది వేరే జాతి మందు, దాని ప్రమాదమూ వేరు. అయినా పాఠం ఒక్కటే. అలవాటైన మందును తెంపినట్టు ఆపరాదు.

నల్లమందు జాతి గోలీ ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తెలుసుకోవడం అవసరం. చివరి గోలీ వేసుకున్న కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపల ఆవలింతలు, ముక్కు కారడం, కళ్ల వెంట నీళ్లు, చెమటలు మొదలవుతాయి. ఒళ్లు గగుర్పొడుస్తుంది. కాళ్లు లాగేస్తాయి. కడుపులో నులినొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నిద్ర రాదు. రెండు మూడు రోజులకు బాధ ముదిరి, వారం పది రోజులకు నెమ్మదిస్తుంది. ట్రమడాల్ విషయంలో కొందరికి విపరీతమైన భయం, లేనివి కనిపించడం వంటివి కూడా కలుగుతాయి. చూసినవారు గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి పోతారు. రోగి మాత్రం పాత నొప్పి తిరగబెట్టిందనుకొని మళ్లీ గోలీకోసం పరుగెత్తుతాడు. నిజానికి అది గోలీ ఆగిన బాధ.

అగ్రరాజ్యమైన అమెరికా సైతం ఈ పాఠం ఆలస్యంగానే నేర్చుకుంది. అక్కడ డాక్టర్లు ఈ మందులను విచ్చలవిడిగా రాసి, తర్వాత భయపడి చాలామందికి ఒక్కసారిగా ఆపేశారు. ఇలా ఆపడం వల్ల తట్టుకోలేని బాధ, ఆత్మహత్యలు కూడా సంభవిస్తున్నాయని 2019 ఏప్రిల్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఏడాదికి పైగా వాడినవారికి నెలకు పదోవంతు చొప్పున, లేదా అంతకంటే నెమ్మదిగా తగ్గించడం మేలని 2022లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం డాక్టర్లకు సూచించింది. కొద్ది వారాలే వాడినవారికి ఇంకా తొందరగా తగ్గించవచ్చు.

ఈ లెక్క ఇంట్లో కూర్చుని వేసుకునేది కాదు. గొట్టం గోలీని విప్పి పొడి పంచుకోరాదు. నిదానంగా కరిగే గోలీని విరిచినా, నూరినా రోజంతటికీ సరిపడే మందు ఒకేసారి ఒంట్లోకి దిగి ప్రాణాపాయం కలుగుతుంది. తక్కువ బలం గోలీ ఏదో, ఎన్నాళ్లకు ఎంత తగ్గించాలో డాక్టరే నిర్ణయించాలి. బాధ ఎక్కువైతే కొన్నాళ్లు అదే మోతాదు మీద ఆగవచ్చు, తొందరలేదు. విరేచనాలకు, నిద్రలేమికి వేరే మందులున్నాయి. మరీ అలవాటు పడినవారికి బుప్రెనార్ఫిన్ వంటి మందుతో దవాఖానాలో చికిత్స ఉంది. రోజుకు 400 మిల్లీగ్రాములకు మించి ట్రమడాల్ వేసుకునేవారికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ కనుక వారు ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

చాలామందికి తాము వేసుకునే గోలీ పేరే తెలియదు. కాగితం పొట్లంలో నాలుగు రంగుల గోలీలు కట్టి ఇస్తే కళ్లకద్దుకొని మింగుతున్నారు. అందులో స్టెరాయిడ్ ఉంటే దాన్నీ ఉన్నట్టుండి ఆపరాదు. కనుక పొట్లాన్ని, ఖాళీ అట్టను పారేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పట్టుకుపోయి డాక్టరుకు చూపాలి. రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో దాచకుండా చెప్పాలి. కల్లు, సారా తాగుతున్నా, నిద్రగోలీ వాడుతున్నా అదికూడా చెప్పాలి. ఇవి కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇంటివారు గుర్తుంచుకోవలసిన మాట మరొకటుంది. కొన్నాళ్లు మానినవాడి ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. బాధ ఓర్వలేక మళ్లీ పాత లెక్కనే వేసుకుంటే అదే చావుకు దారితీయవచ్చు. ఎంత కుదిపినా లేవకపోవడం, ఊపిరి మందగించడం, పెదవులు నీలబడడం కనిపిస్తే తెల్లవారేదాకా చూడక వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇదంతా చదివి క్యాన్సర్ రోగికి డాక్టరిచ్చిన మార్ఫిన్‌ను ఇంటివారు ఆపితే అంతకంటే అన్యాయం ఉండదు. అటువంటివారికి ఆ మందు అందుబాటులో ఉండాలనే 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. గర్భిణి కూడా సొంతంగా ఆపరాదు, కడుపులోని బిడ్డకు ప్రమాదం. గల్ఫ్‌కు తిరిగిపోయేవారు మరీ జాగ్రత్తపడాలి. ఎమిరేట్స్‌లో ట్రమడాల్‌పై గట్టి నియంత్రణ ఉంది. ముందుగా అనుమతి లేకుండా పెట్టెలో దొరికితే జైలుపాలయ్యే ప్రమాదముంది. సెలవులో ఇంటికి వచ్చినప్పుడే డాక్టరును కలవడం మంచిది.

డాక్టరుకు చెబితే పోలీసు కేసవుతుందేమోనన్న భయం చాలామందిని వెనక్కి లాగుతున్నది. మత్తుమందుల చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం, అలవాటుపడిన మనిషి తనంతట తాను ప్రభుత్వ దవాఖానాలో గాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటగాని చికిత్సకు చేరితే, వాడినందుకు, కొద్దిపాటి మందు దగ్గర ఉన్నందుకు అతనిపై కేసు నడపరాదు. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఈ రక్షణ పోవచ్చు. అమ్మేవారికి ఈ రక్షణ వర్తించదు.

ఇక అధికారుల సంగతి. మందుల దుకాణాల మీద తనిఖీలు జరిపే శాఖ, ఆ సంగతిని వైద్య ఆరోగ్య శాఖకు ఎందుకు తెలపరాదు? దుకాణంలో అమ్మకం ఆపించిన రోజునే ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు అంది, ఇబ్బంది పడేవారిని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయే ఏర్పాటు ఉండాలి. ప్రతి మండలంలో వారానికి ఒక్క పూటయినా ఇందుకు కేటాయించి, జిల్లా కేంద్రంలోని పెద్దదవాఖానా మానసిక వైద్యుల సలహా ఫోన్‌లోనైనా అందేలా చూడాలి. గోలీ తగ్గిస్తున్న బీడీ కార్మికురాలికి మెడనొప్పి తగ్గే వ్యాయామం నేర్పేవారు, వేరే మందు ఇచ్చేవారు కూడా ఉండాలి. నొప్పిని అలాగే వదిలేసి గోలీ ఒక్కటే లాక్కుంటే ఆమె చాటుగా మరోచోట కొనక తప్పదు. ఇవేవీ కోట్ల ఖర్చుతో కూడిన పనులు కావు.

అంతవరకు పల్లె ప్రజలు కూర్చోనవసరం లేదు. మత్తుమందుల నుంచి బయటపడేందుకు 14446, మనోవేదనకు సలహా కోసం 14416 నంబర్లకు పైసా ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. గోలీ మానదలచినవారు ఈరోజే దాన్ని పెంటమీద పారేయవద్దు. రేపు పొద్దున అట్ట చేతబట్టుకొని ఆరోగ్య కేంద్రానికి పోండి. నెలలు పట్టినా సరే, మెట్టు మెట్టుగా దిగినవాడే క్షేమంగా కిందికి చేరుతాడు.